తీసుకున్న నేల తిరిగి వస్తుందా?

గండిపేట కట్టమీద సాయంత్రం పూట కూర్చుంటే ఎవరికైనా కవిత్వం రావాలి. మాకు మాత్రం ఆ రోజు ఒక ఫోను వచ్చింది.

ఫోను వచ్చింది మా కోనసీమ మిత్రుడికి. వాళ్ళది రాజోలు దగ్గర ఒక పల్లె. రెండెకరాల వరిచేను, గట్లమీద కొబ్బరిచెట్లు - అదే వాళ్ళ ఆస్తి. మావాడి ఫీజులన్నీ అందులోంచే వస్తాయి. ఆ చేనులో సహజవాయువు కోసం బావి తవ్వాలని, కొన్నేళ్ళపాటు నేలను కౌలుకిమ్మని అడుగుతున్నారట. "పనైపోయాక బాగుచేసి ఎప్పట్లాగే ఇచ్చేస్తామంటున్నార్రా. నువ్వు చదువుకుంటున్నావు గదా, చెప్పు. నిజంగా బాగవుద్దా?" - ఇదీ వాళ్ళ నాన్నగారి ప్రశ్న.

మావాడు "కనుక్కుని చెబుతాను నాన్నా" అని ఫోను పెట్టేసి మా మొహాలు చూశాడు. నలుగురం ఉన్నాం. "ఏముందిరా, నూనె తినే బాక్టీరియాను వదిలితే సరి, అవే తినేస్తాయి" అన్నాడు బయోటెక్నాలజీ వాడు. "ఉప్పు కూడా తింటాయా?" అన్నాడు సివిల్ వాడు. దానికి ఎవరి దగ్గరా జవాబు లేదు.

తర్వాత లైబ్రరీలో కూర్చుని, లెక్చరర్లను విసిగించి, తెలుసుకున్నదంతా ఒకచోట చేర్చి వ్రాస్తున్న వ్యాసమిది. పెద్దాయన అడిగింది ఒక చేను గురించే కావచ్చు. కాని ఆ ప్రశ్న మనందరిదీ. మన బండిలో పెట్రోలు, మెస్సులో గ్యాసు ఎక్కడో ఒకచోట ఎవరిదో ఒకరి నేల కిందనుంచే కదా వస్తున్నాయి!

కోనసీమ కింద ఏముంది?

మన గండిపేట, మొయినాబాదు, చేవెళ్ళ ప్రాంతంలో ఎంత లోతు తవ్వినా చమురు పడదు. మన కాళ్ళ కింద ఉన్నది కోట్లాది సంవత్సరాలనాటి నల్లసేనపు రాయి, అనగా గ్రానైటు. చమురు, సహజవాయువు పుట్టేది అవక్షేప శిలల్లో. నదులు తెచ్చిన ఒండ్రు, దానితోపాటు చచ్చిన సూక్ష్మజీవులు పొరలుపొరలుగా సముద్రం అడుగున పేరుకుని, కోట్ల ఏళ్ళపాటు ఒత్తిడికీ వేడికీ ఉడికితే చమురౌతుంది, వాయువౌతుంది. కృష్ణా గోదావరి బేసిన్ అటువంటిది. ఓ.ఎన్.జి.సి. వారు 1970ల చివర్లో నర్సాపురం దగ్గర తొలి బావి తవ్విన నాటినుంచి ఆ రెండు డెల్టాలలో అన్వేషణ సాగుతూనే ఉంది. 2001లో తాటిపాకలో ఒక చిన్న రిఫైనరీ కూడా వెలిసింది.

అదే నేల ఆంధ్రదేశానికి అన్నపూర్ణ. 1852లో కాటన్ దొరగారి ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన తర్వాత వరి, కొబ్బరి, అరటి పెనవేసుకుని పెరిగిన సీమ అది. పైన ధాన్యం, కింద ధనం. రెండూ ఒకే చోట ఉండటమే ఇక్కడి చిక్కు.

ఆ చిక్కు ఎంతదో లోకానికి తెలిసింది 1995లో. ఆ యేడు జనవరి 8న పాశర్లపూడి దగ్గర ఓ.ఎన్.జి.సి. బావి ఒకటి అదుపు తప్పి అంటుకుంది. చుట్టుపక్కల జనాన్ని ఇళ్ళు ఖాళీ చేయించారు. విదేశీ నిపుణులను రప్పించారు. మార్చి 15న మంట ఆరింది. అంటే రెండు నెలలకు పైగా! మళ్ళీ 2014 జూన్ 27న నగరం గ్రామంలో గెయిల్ సంస్థ వాయువు గొట్టం పేలి ఇరవైమందికి పైగా ప్రాణాలు పోయాయి. పోయిన ప్రాణాలను ఎవరూ తిరిగి తేలేరు. ఆ మాట మీద వాదన లేదు. మన వాదనంతా నేల గురించి. నేలకు మాత్రం పునర్జన్మ ఉందా?

నేలకు తగిలే దెబ్బలు ఎన్ని?

"చమురు వల్ల పాడైన నేల" అని ఒకే మాటలో అనేస్తాం గాని, డాక్టరు దగ్గర "ఒంట్లో బాగోలేదు" అంటే ఎంత అర్థమో ఇదీ అంతే. బాగుచేయడం గురించి మాట్లాడాలంటే ముందు జబ్బులను విడదీయాలి. ముఖ్యంగా నాలుగు.

మొదటిది నూనె. బావి దగ్గర, గొట్టాల దగ్గర ఒలికిన ముడిచమురు మట్టిరేణువుల మధ్య సందులను మూసేస్తుంది. నీరు ఇంకదు, గాలి ఆడదు. నూనెలోని బెంజీన్ వంటి పదార్థాలు నీటిలో కరిగి నూతుల్లోకి దిగుతాయి.

రెండవది ఉప్పు. చమురుతోపాటు భూగర్భంలోని నీరు కూడా పైకి వస్తుంది. అది చాలా చోట్ల ఉప్పునీరు. కొన్నిచోట్ల సముద్రపు నీటికంటె కొన్ని రెట్లు ఉప్పన. ప్రపంచం మొత్తంమీద చూస్తే ఒక పీపా చమురుకు సుమారు మూడు పీపాల నీరు వస్తుందని అంచనా. పీపా అంటే 159 లీటర్లు. సహజవాయువు బావుల్లో ఈ నీరు అంత ఉండకపోవచ్చు గాని, అసలు లేకుండా మాత్రం ఉండదు.

మూడవది తొక్కుడు. రిగ్గు నిలబెట్టాలంటే పంటచేను మీద కంకర పోసి, రోలరు తొక్కించి, లారీలు తిరిగే బాట వేయాలి. బావి తవ్వేటప్పుడు వాడే బురదను, కిందినుంచి వచ్చే రాతిపొడిని నిలవ చేయడానికి గోతులు తీయాలి. ఒక్క చుక్క నూనె ఒలకకపోయినా ఈ దెబ్బ మాత్రం తప్పదు.

నాలుగవది కుంగుడు. కిందినుంచి ద్రవాలు, వాయువులు తీసేస్తే, వాటి ఒత్తిడిమీద నిలిచిన పొరలు అణిగి పైనేల దిగిపోయే అవకాశం ఉంది.

ఇక ఒక్కొక్కదానికీ మందు ఉందో లేదో చూద్దాం.

నూనె తినే జీవులు

మా బయోటెక్నాలజీ మిత్రుడు చెప్పింది అబద్ధం కాదు. నూనె తిని బతికే బాక్టీరియా మట్టిలో సహజంగానే ఉన్నాయి. ముడిచమురు కూడా ఒకప్పటి జీవపదార్థమే కనుక దాన్ని అరిగించుకునే విద్య ప్రకృతి దగ్గర ఉంది. అమెరికాలో స్థిరపడిన మన శాస్త్రవేత్త ఆనందమోహన్ చక్రవర్తి ముడిచమురులోని అనేక పదార్థాలను తినగల బాక్టీరియాను ప్రయోగశాలలో తయారుచేస్తే, 1980లో అమెరికా సుప్రీంకోర్టు దానికి పేటెంటు ఇవ్వవచ్చునని తీర్పు చెప్పింది. ఒక సూక్ష్మజీవికి పేటెంటా అని లోకమంతా ముక్కుమీద వేలేసుకుంది. మన దేశంలో టెరి సంస్థ "ఆయిల్‌జాపర్" అనే బాక్టీరియా మిశ్రమాన్ని తయారుచేసింది. మొక్కజొన్న కండెల పొడికి పట్టించి, నూనె మట్టిమీద చల్లే పద్ధతి అది. చమురు సంస్థలు దాన్ని చాలాచోట్ల వాడాయి.

పద్ధతి చూస్తే వ్యవసాయం లాగే ఉంటుంది. నూనె పట్టిన మట్టిని జానెడు, మూరెడు మందాన పరుస్తారు. తడి ఇస్తారు, దున్నుతారు, యూరియా, ఫాస్ఫేటు వేస్తారు. ఎరువెందుకంటారా? బాక్టీరియాకు నూనెలో కర్బనం దొరుకుతుంది గాని నత్రజని దొరకదు. మనం ఇవ్వకపోతే మట్టిలో ఉన్నదంతా అవే లాక్కుంటాయి. అప్పుడు పైరు పచ్చబడిపోతుంది. నూనె పడిన చేలో మొక్క చావడానికి విషం ఒక్కటే కాదు, ఈ ఆకలి కూడా కారణం.

మన ఎండలు ఈ పనికి బాగా కలిసివస్తాయి. చలిదేశాలకంటె ఇక్కడ బాక్టీరియా చురుగ్గా పనిచేస్తాయి. కనుక పైపైన పడిన నూనె, వెంటనే గమనించిన నూనె, నెలల్లోనో ఒకటి రెండేళ్ళలోనో చాలావరకు పోతుంది. ఇది నిజంగా జరిగే పనే.

కాని రెండు షరతులున్నాయి. ఒకటి, ఈ జీవులు త్వరగా పనిచేయాలంటే గాలి కావాలి. కోనసీమ వరిచేను నెలల తరబడి నీళ్ళలో నానే నేల. నాలుగడుగుల కిందకు దిగిన నూనెకు గాలి ఎక్కడిది? రెండు, అవి ముందు తేలికైన పదార్థాలను తింటాయి. తారులాంటి బరువు పదార్థాన్ని చివరికి వదిలేస్తాయి. పెళ్ళి పంక్తిలో పిల్లలు లడ్డూ తినేసి కూర వదిలేసినట్టు!

లోతుకు దిగిన నూనె ఎంతకాలం ఉంటుందో చెప్పే చోటు ఒకటి అమెరికాలో ఉంది. మినెసోటా రాష్ట్రంలో బెమిడ్జి దగ్గర 1979 ఆగస్టు 20న గొట్టం పగిలి సుమారు 17 లక్షల లీటర్ల ముడిచమురు ఒలికింది. తీయగలిగినంతా తీసేశారు. ఐనా 4 లక్షల లీటర్లు నేలలో ఉండిపోయింది. ఆ చోటును శాస్త్రవేత్తలు 1983 నుంచి పరిశోధనకు వాడుతున్నారు. నలభై ఏళ్ళు దాటిన తర్వాత కూడా భూగర్భజలం మీద నూనె తేలుతూనే ఉంది. బాక్టీరియా తినడం మానలేదు. కాలుష్యం అదుపు లేకుండా వ్యాపించకుండా ఆపింది కూడా అవే. కాని నలభై ఏళ్ళంటే రైతుకు ఒక జీవితం.

ఉప్పును ఎవరు తింటారు?

ఇక సివిల్ మిత్రుడి ప్రశ్న. ఉప్పును ఏ జీవీ తినదు. అది మూలకాలతో ఏర్పడిన లవణం. విరగ్గొడితే మాయమయ్యే వస్తువు కాదు. నూనెను ఉన్నచోటనే నాశనం చేయవచ్చు. ఉప్పును మాత్రం ఒకచోటనుంచి మరోచోటికి పంపాలి. అంతే.

ఉప్పునీరు బంకమట్టిలో పడితే సోడియం వెళ్ళి మట్టిరేణువులకు అతుక్కుని, అక్కడున్న కాల్షియాన్ని తోసేస్తుంది. దాంతో మట్టి గుల్లతనం పోతుంది. తడిస్తే అంటుపిండి, ఎండితే రాయి. దీనికి మందు మన రైతులకు తెలిసిందే: జిప్సం. జిప్సంలోని కాల్షియం సోడియాన్ని వదలగొడుతుంది. తర్వాత మంచినీరు పెట్టి, ఆ ఉప్పును కడిగి, మురుగుకాలవ ద్వారా బయటకు పంపాలి.

ఇక్కడే అసలు ఇబ్బంది. కడిగిన నీరు పోవడానికి పల్లం కావాలి. కోనసీమలో సముద్రపు పోటు మురుగుకాలవల్లోకి వెనక్కి తన్నే చోట్లున్నాయి. కడగడానికి నీరు దొరికినా పంపడానికి దారి ఉండదు. వరి సున్నితమైన పంట. మట్టిలో ఉప్పు ఒక హద్దు దాటితే - శాస్త్రజ్ఞుల కొలతలో మీటరుకు 3 డెసిసీమెన్లు - అక్కడినుంచి ఒక్కొక్క డెసిసీమెన్ పెరిగినకొద్దీ దిగుబడి సుమారు 12 శాతం చొప్పున పడిపోతుంది. కొబ్బరి కొంత ఓర్చుకుంటుంది గాని దాని ఓపికకూ హద్దుంది.

కనుక ఉప్పు విషయంలో బాగుచేయడం కంటె పడనీయకపోవడమే వైద్యం. ఆ నీటిని గుంటల్లో నిలవ పెట్టకుండా, కాలవల్లో వదలకుండా, శుద్ధి చేసి మళ్ళీ లోతైన బావిలోకే ఎక్కించే పద్ధతి ఉంది. ఖర్చవుతుంది. ఆ ఖర్చు ఎవరో ఒకరు పెట్టాలి. కంపెనీ పెట్టకపోతే రైతు చేను పెడుతుంది.

పైమట్టి సంగతి

చేనంటే రెండెకరాల వైశాల్యం కాదు. చేనంటే ఆ పైనున్న జానెడు మట్టి. వానపాములు, వేళ్ళు, కుళ్ళిన ఆకులు, కంటికి కనపడని కోట్ల జీవులు - అన్నీ ఉండేది ఆ జానెడులోనే. రెండు మూడు సెంటీమీటర్ల మట్టి తయారుకావడానికి వెయ్యేళ్ళదాకా పట్టవచ్చునని ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ చెబుతోంది.

"మాది డెల్టా కదా, వరదకు ఒండ్రు వస్తుంది కదా" అన్నాడు మా కోనసీమ వాడు. వచ్చేది. ఇప్పుడు గట్లు వరదను చేలోకి రానివ్వవు. పైనున్న ఆనకట్టలు ఒండ్రును పట్టేసుకుంటున్నాయి. తాతలనాడు వచ్చిన ఒండ్రే ఇప్పటి మూలధనం. కొత్తగా డిపాజిట్టు పెద్దగా లేదు.

అందుచేత తవ్వకానికి ముందు పైమట్టిని జాగ్రత్తగా ఎత్తి, విడిగా కుప్పవేసి, దానిమీద గడ్డో జనుమో మొలిపించి కాపాడి, చివర్లో తిరిగి పరిస్తే చేను చాలావరకు దారికొస్తుంది. అలా కాక పైమట్టి, కిందమట్టి కలిపేసి కంకర తొక్కించేస్తే, తర్వాత ఎంత దున్నినా లాభం తక్కువ. నాగలి అందని లోతున గట్టిపడిన పొర దశాబ్దాలపాటు అలాగే ఉండగలదు. ఇక మంటకు కాలిన మట్టి సంగతి కుమ్మరి వారినడగాలి. ఆవంలో కాలిన కుండ పగిలితే పెంకులవుతుంది గాని మళ్ళీ బంకమట్టి కాదు.

నాలుగవ దెబ్బ, కుంగుడు. కాలిఫోర్నియాలో లాంగ్‌బీచ్ దగ్గర విల్మింగ్టన్ చమురుక్షేత్రంలో నేల కొన్నిచోట్ల 29 అడుగుల వరకు, అంటే సుమారు 9 మీటర్లు దిగిపోయింది. తర్వాత భూగర్భంలోకి నీరు ఎక్కించి కుంగుడును ఆపారు. ఆపగలిగారు గాని, నేలను మునుపటి ఎత్తుకు తేలేకపోయారు.

కోనసీమలో తమ పొలాలు పల్లమవుతున్నాయని, అందుకు వాయువు తీయడమే కారణమని రైతులు చాలాకాలంగా అంటున్నారు. డెల్టాలు కుంగడానికి ఇతర కారణాలూ ఉన్నాయి. 2009లో "నేచర్ జియోసైన్స్" పత్రికలో వచ్చిన ఒక వ్యాసం ప్రపంచంలో కుంగుతున్న డెల్టాల వరుసలో గోదావరిని, కృష్ణను కూడా చూపింది. ఒండ్రు రాక తగ్గడం అందులో పెద్ద కారణం. ఎవరి వాటా ఎంతో తేల్చడం తేలిక కాదు. ఐతే ఒక్కటి మాత్రం ఖాయం. సముద్రమట్టానికి ఒకటి రెండు మీటర్ల ఎత్తులో ఉన్న చేనుకు జానెడు పల్లం కూడా చిన్న విషయం కాదు. ఆ జానెడు దాటితే ఉప్పునీరు లోపలికొస్తుంది. దిగిన నేలను పైకెత్తే బాక్టీరియా లేదు.

"బాగైంది" అని ఎవరు చెప్పాలి?

ఇంతవరకు సైన్సు. ఇప్పుడు మాటల సంగతి. "బాగుచేశాం" అన్న మాటలో మూడు వేరువేరు మాటలు దాక్కున్నాయి. శుభ్రం చేయడం ఒకటి, అంటే విషం తగ్గించడం. పనికివచ్చేట్టు చేయడం రెండవది, అంటే ఏదో ఒకటి పండేలా చూడటం. ఉన్నదున్నట్టు తిరిగి తేవడం మూడవది. సంతకం పెట్టేటప్పుడు రైతుకు వినపడేది మూడవ మాట. కాగితంలో సాధారణంగా ఉండేది మొదటిది.

కెనడాలోని అల్బర్టా రాష్ట్రంలో ఇసుకలోంచి చమురు తీస్తారు. అక్కడి చట్టం అడిగేది "సమానమైన సామర్థ్యం" గల నేలను మాత్రమే. అదే నేలను కాదు. 2008లో అక్కడ 104 హెక్టార్ల ముక్కకు తొలి సర్టిఫికెట్ ఇచ్చారు. ఇప్పుడు అక్కడ చెట్లున్న గుట్టలు, నడకదారులు ఉన్నాయి. చూడ్డానికి బాగుంది. కాని ఒకప్పుడక్కడ ఉన్నది చిత్తడినేల. దాన్ని పాడైందని అనలేం. తిరిగి వచ్చిందనీ అనలేం.

దీనికంటె బాధాకరమైన కథ నైజీరియాలోని ఒగోనీలాండుది. అక్కడ 1993లోనే చమురు తీయడం ఆగింది. ఐక్యరాజ్యసమితి పర్యావరణ సంస్థ వారు వెళ్ళి పరీక్షించి 2011లో నివేదిక ఇచ్చారు. శుభ్రం చేసినట్టు కంపెనీ రికార్డుల్లో ఉన్న 15 చోట్లను వారు చూస్తే, 10 చోట్ల కాలుష్యం హద్దుకు మించే ఉంది. ఒక ఊళ్ళో జనం తాగే నూతినీటిలో బెంజీన్, ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన హద్దుకు 900 రెట్లు. అయిదు మీటర్ల లోతున కూడా నూనె ఆనవాళ్ళు కనిపించాయి. మొత్తం ప్రాంతం కోలుకోవడానికి 25 నుంచి 30 ఏళ్ళు పట్టవచ్చునని వారు వ్రాశారు.

ఆ నివేదికలో నాకు అన్నిటికంటె ముఖ్యంగా తోచింది ఒక లెక్క. అక్కడి నిబంధనల్లో రెండు అంకెలున్నాయి. కిలో మట్టిలో 5,000 మిల్లీగ్రాముల నూనె దాటితే తప్పక పని మొదలుపెట్టాలన్నది ఒకటి. నేల నిజంగా బాగున్నదనడానికి 50 మిల్లీగ్రాములన్నది రెండవది. రోగిని ఆస్పత్రిలో చేర్చుకునే హద్దు ఒకటి, ఆరోగ్యవంతుడని ఇంటికి పంపే హద్దు మరొకటి. మొదటి అంకె దగ్గరే ఆగి "బాగైంది" అని ఫైలు మూసేస్తే? రెండిటి మధ్య తేడా నూరు రెట్లు! "బాగైంది" అన్నది సైన్సు మాటే కాదు. ఏ అంకెను కాగితంలో వ్రాశారన్న మాట కూడా.

మన దేశంలో 1999లో సైట్ రిస్టోరేషన్ ఫండ్ అనే పథకం వచ్చింది. పని ముగిశాక చోటును బాగుచేయడానికి కంపెనీలు ముందుగానే డబ్బు జమచేసే ఏర్పాటు అది. మంచిదే. డబ్బు ఉంటే పని జరిగే వీలుంటుంది. కాని ఎంతవరకు చేస్తే పని అయినట్టు అన్నది డబ్బు చెప్పదు. కొలత చెప్పాలి.

మన గండిపేట చెప్పే పాఠం

ఇంత దూరం తిరిగి మళ్ళీ మన కట్టమీదికి వద్దాం. 1908 మూసీ వరద తర్వాత విశ్వేశ్వరయ్యగారి సలహాతో మొదలై, 1920లో పూర్తయిన చెరువిది. తర్వాత 1927లో హిమాయత్‌సాగర్ వచ్చింది. గండిపేట నీళ్ళు తాగినవాడు హైదరాబాదు వదలడని సామెత. ఈ నీళ్ళు వందేళ్ళపాటు తాగేట్టుగా ఉన్నాయంటే కారణం పాడుచేసి బాగుచేసుకోవడం కాదు, పాడు కానీయకపోవడం. 1996 మార్చి 8న ఇచ్చిన 111వ జీవో ఈ రెండు చెరువుల చుట్టూ 10 కిలోమీటర్ల మేర, 84 గ్రామాల్లో, కాలుష్యం తెచ్చే పరిశ్రమలు, పెద్ద కట్టడాలు రాకూడదంది.

ఆ హద్దులోనే శంషాబాదు మండలంలో ఆముదం నూనె ఉత్పత్తుల కర్మాగారం పెట్టాలని ఒక సంస్థ ప్రయత్నిస్తే, వివాదం సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. మా పరికరాలు మంచివి, ఏమీ కాదు అన్నది సంస్థ వాదన. 1999లో మన తెలుగు న్యాయమూర్తి జగన్నాథరావుగారు వ్రాసిన తీర్పు పర్యావరణ న్యాయం చదివేవారికి పాఠ్యాంశం. ప్రమాదం ఖాయమని తేలేదాకా ఆగనక్కరలేదు, ముందుజాగ్రత్తే ధర్మం. హాని జరగదని నిరూపించే భారం పని తలపెట్టినవాడిదే - ఇదీ దాని సారం. 2000లో వచ్చిన రెండవ తీర్పులో ఆ కర్మాగారానికి మినహాయింపు కుదరదని కోర్టు తేల్చింది.

ఈ జీవోవల్ల మొయినాబాదు, చేవెళ్ళ రైతులు నష్టపోయారన్న మాట కూడా ఉంది, దాన్ని కొట్టిపారేయలేం. పక్కవాడి ఎకరం కోట్లకు పోతుంటే తమ ఎకరం అలాగే ఉండిపోయిందని వారి బాధ. పట్నం నీళ్ళకోసం పల్లె త్యాగం చేస్తే ఆ త్యాగానికి వెల కట్టివ్వాలి. ఆ పని ఎవరూ చేయలేదు. చివరికి 2022 ఏప్రిల్‌లో ఇచ్చిన 69వ జీవోతో పాత ఆంక్షల తొలగింపు మొదలైంది. కోనసీమ రైతుకు చేను తిరిగి వస్తుందా అన్న ప్రశ్న ఎలాంటిదో, ఈ చెరువుల పరీవాహకం మీద ఇళ్ళు, రోడ్లు వచ్చాక వాన నీరు మునుపటి దారిన చెరువు చేరుతుందా అన్న ప్రశ్న కూడా అలాంటిదే. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం రెండుచోట్లా ఒకటే.

పెద్దాయనకు వ్రాసిన జవాబు

ఇంతా చదివి మేము తేల్చుకున్నది ఇది. పైన ఒలికిన నూనె పోతుంది. తొక్కిన నేల, పైమట్టిని దాచుకుంటే, చాలావరకు కోలుకుంటుంది. ఉప్పు పోవడం కష్టం. లోతుకు దిగిన నూనె ఒక తరాన్ని మించి ఉండవచ్చు. కుంగిన ఎత్తు రాదు. కనుక "బాగవుద్దా" అంటే "అవుద్ది" అనీ "అవదు" అనీ ఒక్కమాటలో చెప్పలేం. ఏది అవుద్దో, ఏది అవదో ముందే విడదీసి కాగితం మీద పెట్టించుకోవాలి.

మావాడు నాన్నగారికి వ్రాసిన ఉత్తరంలో షరతులు ఇవి. తవ్వకానికి ముందే మట్టిని, నూతినీటిని పరీక్ష చేయించి ఫలితాల నకలు మన దగ్గర ఉంచుకోవాలి; ముందు ఎలా ఉందో తెలియకపోతే తర్వాత దేనితో పోలుస్తాం? చేను ఎత్తును సర్వే చేయించి అంకె వ్రాయించాలి. పైమట్టి విడిగా దాచాలి. ఉప్పునీరు గుంటలో గాని కాలవలో గాని వదలకూడదు. తిరిగి ఇచ్చేనాటికి మట్టిలో నూనె ఎంత ఉండాలో, ఉప్పు ఎంత ఉండాలో అంకెలతో ఉండాలి. "బాగుచేసి" అన్న ఒక్క మాట చాలదు. ఇచ్చిన తర్వాత కూడా కొన్నేళ్ళపాటు పరీక్షలు జరగాలి, దిగుబడి తగ్గితే నష్టం కట్టాలి. మూసేసిన బావి ఎక్కడుందో, సిమెంటు ఎంత లోతున వేశారో పటం ఇవ్వాలి. వీటికి ఒప్పుకోకపోతే సంతకం గురించి మళ్ళీ ఆలోచించాలి.

మిత్రులారా, మనలో కొందరు రేపు ఆ కంపెనీల్లోనే ఉద్యోగం చేస్తారు. కొందరు కాలుష్య నియంత్రణ మండలిలో, కొందరు రెవెన్యూలో కూర్చుంటారు. "బాగైంది" అని సంతకం పెట్టే చేతులు మనవే కావచ్చు. ఆనాడు 5,000 దగ్గర ఆగాలా, 50 దాకా వెళ్ళాలా అన్నది మన ముందుకు ఫైలుగా వస్తుంది. దాని వెనుక రెండెకరాల చేను, ఒక పిల్లవాడి ఫీజు ఉంటాయని గుర్తుంటే చాలు.

ఉత్తరం అందిన రాత్రి నాన్నగారు మళ్ళీ ఫోను చేశారు. ఈసారి మావాడు స్పీకరు పెట్టాడు. ఆయన అంతా చదివించుకున్నారట. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "సర్లేరా. రేపు వాళ్ళొస్తారు. ముందు పైమట్టి ఎక్కడ పోస్తారో అడుగుతాను" అన్నారు.